సాంచాల మోతలో పెరిగిన పిల్ల

డీఎడ్‌లో శిశు వికాసం పేపరుకు మమతారాణికే అందరికంటే ఎక్కువ మార్కులు. ఏ వయసు పిల్ల ఎందుకలా చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. కానీ మార్కులు రావడం వేరు, పిల్ల ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ చదువు గుర్తుకు రావడం వేరు. దీపం కిందే చీకటి.

కరీంనగర్‌కు గంట దూరంలో, నేత కార్మికుల వాడలో ఆమె పనిచేసే ప్రైవేటు బడి. ఒకటో తరగతి గోడకు కెమెరా ఉంది. దాని అవతలి కొసన ప్రిన్సిపాల్ కరుణాకర్ సారు ఉంటాడు. పిల్లలు నోటి మీద వేలు తీయకూడదు, మేడం బోర్డు దగ్గర నుంచి కదలకూడదు. బడో జైలో ఆ దేవుడికే తెలియాలి.

ఆ తరగతిలో లహరి అనే ఆరేళ్ల పిల్లకు మెల్లగా మాట్లాడటం రాదు. వెనక నుంచి పిలిస్తే పలకదు. పొగరు అనుకుని మమతారాణి ఆమెను చివరి బెంచీకి పంపింది. అక్కడికి పోయాక లహరి ఒక్క లెక్క కూడా సరిగా చేయలేదు.

"శనివారం దాక చూద్దాం. గప్పటికీ మారకుంటే ఎల్కేజీకి పంపుర్రి" అన్నాడు సారు.

శుక్రవారం సాయంత్రం భర్తకు టిఫిన్ ఇవ్వడానికి మమతారాణి సాంచాల షెడ్డుకు పోయింది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అవతలి గోడ దగ్గర నూలు కండెలు చుడుతున్న అత్త కొమురవ్వ ఉత్త పెదవులు కదిపి అడిగింది, "ఏం కూర జేసినవ్?"

"బీరకాయ" అని మమతారాణి కూడా పెదవులతోనే చెప్పింది. చెప్పి, అక్కడే నిలబడిపోయింది. తానూ ఈ మోతలో పెరిగిందే. చిన్నప్పుడు అవ్వ మొహం చూడనిదే తనకు మాట తెలిసేది కాదు. లహరి వాళ్లదీ సాంచాల ఇల్లే. ఆ పిల్లను తన మొహం సరిగా కనపడని చోట కూర్చోబెట్టి, తాను బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పింది. సిగ్గుతో ఆమెకు అన్నం సయించలేదు.

శనివారం పొద్దున బోర్డుకు వీపు పెట్టి, చివరి బెంచీలో లహరిని లేపి నిలబెట్టి, ఆమెనే చూస్తూ, గొంతు లేకుండా పెదవులు ఆడించింది. "మూడూ నాలుగూ కలిపితే?"

"ఏడూ!" బడి దద్దరిల్లింది. మమతారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండు నిమిషాల్లో సారు గుమ్మంలో ఉన్నాడు. "మళ్ల గదే లొల్లా మేడం?"

"పిల్ల తప్పు లేదు సార్. మోతల పెరిగింది, మొహం జూస్తెనే మాట తెలుస్తది. జర ముందు బెంచీల కూసుండవెడదాం. తప్పు నాది."

"మీ పుస్తకాల ముచ్చట్లు నాకొద్దు. పిల్లను పంపుతరా, మీరే పోతరా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. భర్తకు వారంలో మూడు రోజులే పని, ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. లహరిని ఎల్కేజీకి పంపే కాగితం మీద మమతారాణి సంతకం పెట్టింది.

సోమవారం వరండాలో పోతుంటే ఎల్కేజీ కిటికీ పక్కన లహరి కనిపించింది. ఆగలేక పెదవులు కదిపింది. "తిన్నవా బిడ్డా?"

"తిన్న మేడం!" లహరి సంబరంగా లేచి అరిచింది. మరుక్షణం లోపల బెత్తం చప్పుడైంది.

అప్పటి నుంచి ఆ కిటికీ దాటేటప్పుడు మమతారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. లహరి మాత్రం రోజూ ఆ కొంగు వైపే చూస్తుంది.