పడుగు మీద పడిన ఏరియల్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. తిరుత్తణి కాలేజీలో ఫిజిక్సు చదువుతున్నదాన్ని. అత్తిమంజేరిపేటలో మా వీధంతా మగ్గాలు, వాదానికి దొరికేవాళ్లంతా నాకంటే తక్కువ చదివినవాళ్లు (అందుకే గెలుస్తున్నానని అప్పట్లో తట్టలేదు). తిరువళ్లూరు మామ పాత షార్ట్‌వేవ్ రేడియో ఒకటి కొనిచ్చి, దూరదేశాలు వినాలంటే ఏరియల్‌గా పొడుగాటి తీగ కట్టుకోమన్నాడు. రాగితీగను మా మిద్దె మీది నుంచి వీధికి అడ్డంగా ఎదురింటి మునగచెట్టుకు కట్టాను. బ్యాటరీలేసి ఎంత ముల్లు తిప్పినా గరగర తప్ప ఏమీ రాలేదు.

"ఏమ్మే, ఆ తీగలో కరెంటుంటాదా?" అని ఎదురింటి అత్త రోజూ అడిగేది. "ఉండదత్తా, పుస్తకంలో అట్లే ఉండాది" అనేదాన్ని. (పుస్తకంలో ఉన్నది, ఏరియల్లో కాస్త కరెంటు పుడుతుందనే. ఎంత కరెంటో తర్వాతి పేజీలో ఉండాలి. నేను అంతదాకా పోలేదు.)

ఒక ఉదయం నాయన వీధి పొడుగునా పెళ్లిచీరల పడుగు, అంటే నిలువు పోగులు, సాచి గంజి పట్టించాడు. తడి ఉండగానే కుంచెతో దువ్వాలి. ఆరిందంటే పోగులన్నీ అతుక్కుపోయి పడుగంతా పాడు. సరిగ్గా అప్పుడే గాలికి మునగకొమ్మ విరిగి, నా తీగ ఆ తడి పోగుల మీద పడింది. దువ్వేవాళ్లు కుంచెలతో సహా వెనక్కి జరిగారు.

"కరెంటు లేదంటివే, తీ మరి," అంది అత్త. ఇంట్లో రేడియో గరగరమంటూనే ఉంది, పరిగెత్తి బ్యాటరీలు పీకేయొచ్చు. పీకితే ఓడిపోయినట్టే కదా. తీగను ముట్టుకోవాలన్నా భయమే. అక్కడే నిలబడ్డాను. గంజి ఆరిపోతోంది. "ఆరిపోతే యాడికి పోతాము? నేనే తీస్తా," అని నాయన పంచె ఎగగట్టి వంగాడు. ఆయన చెయ్యి తీగకు దగ్గరవుతుంటే నా భయమంతా ఆయన మీదికి మళ్లింది. ఆయన్ను పక్కకు తోసి, కళ్లు మూసుకుని తీగను పట్టి పైకెత్తాను.

మా ఇంటి కిటికీలోంచి ఎవరో మగవాడు గట్టిగా మాట్లాడాడు. చచ్చానని, ఆ గొంతు యముడిదని ఒక్క క్షణం నిజంగానే నమ్మాను.

"ఇదేం భాషమ్మే? అరవం గూడా కాదే," అంది అత్త.

"తెలీదత్తా," అన్నాను. ఆ మాట మా వీధిలో నా నోట వినడం అందరికీ అదే మొదలు.

"వదలొద్దు, అట్లే ఎత్తి పట్టుకోనుండు," అంటూ నాయన కుంచె అందుకున్నాడు. పడుగు దువ్వడం పూర్తయ్యేదాకా చేతులెత్తి, ఏ దేశందో తెలియని ఆ వార్తలు (వార్తలే అయ్యుంటాయి) విన్నాను.

ఇప్పుడు ఫోన్లో వేలు పెడితే ఏ దేశమైనా గరగర లేకుండా పలుకుతుంది. కానీ మిద్దె మీద బట్టలారేసే ముందు, దండెం తీగను వేలి వెనకతో ఒకసారి తాకి చూస్తాను. మా ఆయన నవ్వుతాడు. అందులో కరెంటు ఉండదని ఆయనతో వాదించి గెలిచింది నేనే.