బోర్డుకి తగ్గ కుక్క

పులులు, పాములు, పరీక్షలు, ఈ మూడూ కలిసి లోకంలో ఎంతమందిని భయపెట్టాయో, మా తాతయ్య ఒక్కడే ఒక్క కుంచెతో అంతకంటే ఎక్కువమందిని భయపెట్టాడు. దీనికి లెక్కలు లేవు గానీ సాక్ష్యాలున్నాయి. మా ఊళ్లో ఏ వీధిలోకి వెళ్లినా గేటు గేటుకీ ఒక రేకు బోర్డు ఉంటుంది. దాని మీద నోరు బార్లా తెరిచిన నల్లటి తల, నాలుగు కోరలు, ఎర్రటి కళ్లు, కింద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని ఇంతింత అక్షరాలు. అవన్నీ ఆయన చేతి చలవే.

తాతయ్య బోర్డులు రాసే పెయింటరు. అపార్టుమెంటులో కింది వాటా ఆయనది. ముందు గది దుకాణం, వెనక గదులు సంసారం. రెండింటికీ మధ్య తలుపు ఉంది గానీ, టర్పెంటైన్ వాసన దాన్ని ఏనాడూ లెక్కచెయ్యలేదు. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగలాగి టంగుమని వదిలితే చాలు, గీత పడేది. మణికట్టు కింద కర్ర ఆనించుకుని, ఊపిరి బిగబట్టి ఆయన ‘జ’ రాస్తుంటే పక్కన ఈగ కూడా వాలేది కాదు. డాక్టర్లకీ బడులకీ చెప్పుల షాపులకీ రాశాడు. పేరొచ్చింది మాత్రం కుక్కతోనే.

తమాషా ఏమిటంటే, ఆయనకి కుక్క బొమ్మ వెయ్యడం రాదు. కుక్కని సరిగ్గా చూస్తే కదా వచ్చేది! వీధి ఆ చివర కుక్క కనిపిస్తే ఈ చివరే రోడ్డు దాటే మనిషి ఆయన. పెళ్లైన కొత్తలో మొదటిసారి ఒకాయన కుక్క బోర్డు కావాలని వస్తే, మంగలి షాపులో పాత విదేశీ పత్రిక తిరగేసి, రాట్‌వీలర్ అనే జాతి కుక్క ఫొటో ఒకటి, మంగలి అటు తిరిగినప్పుడు కత్తిరించుకొచ్చాడు. నల్లటి ముఖం, కళ్ల మీద రెండు గోధుమరంగు చుక్కలు, గుహలాంటి నోరు. చూసి వేశాడు. ఎందుకో ఇంకా సరిపోలేదనిపించి కళ్లకి కాస్త ఎరుపు తగిలించాడు. అంతే. నలభై ఏళ్లపాటు అదే కుక్క.

అంతకుముందు మా ఊళ్లో ఎవరూ ఆ జాతిని కళ్లతో చూడలేదు. చూడకుండానే భయపడటం నేర్చుకున్నారు. బోర్డు పెట్టుకున్న ఇళ్లలో సగానికి అసలు కుక్కే లేదు. ఒకాయన ఇంట్లో ఉన్నది చిలక. ఇంకొకామె అత్తగారు వస్తోందని కబురందిన రోజే పరుగున వచ్చి రాయించుకుంది. మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి అయితే మూడో అంతస్తులో తన వాటా తలుపుకే తగిలించాడు. లిఫ్టు లేని ఆ మూడు అంతస్తులూ ఎక్కి వెళ్లే దొంగ ఎవడో ఆయనకే తెలియాలి.

ఇలా నడుస్తుండగా ఒకరోజు మధ్యాహ్నం ఇళ్లు కట్టే కాంట్రాక్టరు ఒకాయన దుకాణం ముందు కారాపాడు. రెండేళ్ల కిందట బోర్డు రాయించుకున్న మనిషి. వెనక తలుపు తీస్తే ఒక నల్లటి శాల్తీ దిగి ఒళ్లు విరుచుకుంది. తాతయ్య స్టూలెక్కి నిలబడ్డాడు.

“మీ బోర్డు చూసి ముచ్చటపడి, దానికి తగ్గ కుక్క కావాలని వెతికి వెతికి తెచ్చుకున్నానండీ. తీరా చూస్తే ఇది బోర్డులో ఉన్నట్టు లేదు” అన్నాడు కాంట్రాక్టరు.

“లేకపోతే నన్నేం చెయ్యమంటారు?” స్టూలు మీంచే అడిగాడు తాతయ్య.

“మొన్న పట్టపగలు గేటు దగ్గర సైకిలెత్తుకుపోయాడొకడు. ఇదేం చేసిందో తెలుసా? వాడితో పాటు సందు చివరిదాకా వెళ్లి సాగనంపి వచ్చింది!”

“పోనీ బోర్డు మార్చి రాసివ్వమంటారా?”

“బోర్డు బంగారంలా ఉందండీ. దానికేం మార్చొద్దు. ఈ కుక్కనే కాస్త మార్చిపెట్టండి.”

గొలుసు తలుపు గడియకి తగిలించి వెళ్లిన మనిషి మళ్లీ ఆ వీధిలో కనిపించలేదు.

నాయనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. కుక్క నాయనమ్మని చూసి, తలని ఆవిడ పాదాల మీద పెట్టి, బస్తా దించినట్టు కూలబడింది.

“దిగవయ్యా స్టూలు! అదేం నిన్ను తినదు. నీలో తినడానికేముంది గనక?” అంది. ఆ తర్వాత వంగి దాని తల నిమిరి, “మెత్తగా దిండులా ఉంది” అంది. పేరు అదే స్థిరపడింది.

తాతయ్య రెండు రోజులు స్టూలు మీదే పనిచేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ఎవరికో ఆ పాత కుక్క బోర్డే వేస్తున్నాడు. కింద పడుకున్న దిండు లేచి కూర్చుని, ఆయన ముఖంలోకి చూస్తూ నోరు తెరిచింది. తెరిచి, ఇంకా తెరిచి, నాలుక చుట్ట చుట్టి, నాలుగు కోరలూ చూపించి, చివర్న కీచుమని ఒక చిన్న చప్పుడు చేసి మూసేసింది.

తాతయ్య చేతిలో కుంచె జారింది. పెయింటు పెట్టె అడుగున దాచిన పత్రిక ముక్క తీశాడు. అదే నోరు, అవే కోరలు, నాలుక అలాగే చుట్టుకుని ఉంది. అది కోపం కాదు. ఆవలింత! ఫొటో తీసేవేళకి ఆ విదేశీ కుక్కకి నిద్దరొచ్చి ఉంటుంది, పాపం. నలభై ఏళ్లుగా ఊరంతా వణుకుతున్నది ఒక నిద్రమొహాన్ని చూసి.

ఆయన ఆ కాగితాన్ని మడిచి మళ్లీ అడుగునే పెట్టేశాడు. నాయనమ్మకి కూడా చెప్పలేదు. ఊళ్లో ఆయనకున్న పేరంతా ఆ నోట్లోనే ఉంది మరి.

వారం తిరక్కుండా సంఘం నుంచి నోటీసొచ్చింది. ‘ప్రమాదకర జాతికి చెందిన కుక్క కింది వాటాలో ఉన్నట్లు తెలిసినది. ఈ నెల చివరి ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఓటింగు. ఓడినచో కుక్కను ఆ రోజే తరలించవలెను.’

“తరలించడమంటే?” అంది నాయనమ్మ.

“పంపించెయ్యడం.”

“ఎక్కడికి?”

తాతయ్య కుంచె కడిగి పక్కన పెట్టాడు. మర్నాడు బస్సెక్కి వెళ్లి ఒక టీచరమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఎవరూ పెంచుకోని జాతుల కుక్కలని చేరదీసి, వీధి వీధికీ తిరిగి వాటి గురించి పాఠాలు చెప్పే మనిషి ఆవిడ. దిండుని పది నిమిషాలు చూసి, “దీనికి నేర్పాల్సిందేం లేదు. ఆదివారాలు మీ పార్కింగులో మనుషులకి క్లాసు పెడదాం. నెల సరిపోతుందంటారా?” అంది.

క్లాసంటే బ్యానరు, మైకు, నలభై కుర్చీలు. మొదటి ఆదివారం వచ్చింది ముగ్గురు. డ్యూటీ కాబట్టి వాచ్‌మన్, పరువు కాపాడటానికి నాయనమ్మ, ఉచితంగా షుగరు పరీక్ష చేస్తున్నారనుకుని రెండో అంతస్తు పెద్దాయన. ఆయన అప్పటికే చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు.

టీచరమ్మ పాఠం చిన్నది. ఎదురుగా కాదు, పక్కకి తిరిగి నిలబడాలి. కళ్లలోకి చూడకూడదు. పిడికిలి కిందికి చాపి, అది వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. వస్తే మూడు అంకెలు లెక్కపెట్టేదాకా మెడ పక్కన నిమిరి ఆపాలి. ఇంకా కావాలంటే అదే అడుగుతుంది.

దిండు దగ్గరికి ఎవరూ రాకపోయేసరికి, “ముందు సారుతో ప్రాక్టీసు చేద్దాం. మీరు కుక్కండి” అని తాతయ్యని స్టూలు మీద కూర్చోబెట్టింది టీచరమ్మ. వాచ్‌మన్ పక్కకి తిరిగి భక్తిగా పిడికిలి చాపాడు. తాతయ్య వాసన చూశాడు.

“బీడీ కాల్చావు కదరా!”

“బాగా నేర్చుకున్నారండీ కుక్కగారు” అంది నాయనమ్మ.

రెండో ఆదివారానికి పదకొండుమంది వచ్చారు. బిస్కెట్లు పెడుతున్నారన్న సంగతి అప్పటికి పాకింది. తిన్నవాళ్లు తినగా మిగిలిన పొట్లం దిండు ముందు పెడితే, అది కూడా పక్కకి తిరిగి మర్యాదగా ఆగింది. మూడో ఆదివారం అందరూ వెళ్లిపోయాక, కుర్చీలు మడిచే నెపంతో వెనకబడి, తాతయ్య పక్కకి తిరిగి పిడికిలి చాపాడు. ‘జ’ రాసేటప్పటిలాగే ఊపిరి బిగబట్టాడు. దిండు వచ్చి ముక్కు ఆనించింది. ఆయన మూడు లెక్కపెట్టి ఆపాడు. అది మోచేత్తో పొడిచినట్టు తలతో పొడిచింది. ఈసారి ఆయన లెక్క మరిచిపోయాడు.

ఓటింగు రోజున పార్కింగంతా నిండింది. కార్యదర్శి తన తలుపుకున్న బోర్డు ఊడదీసి మరీ పట్టుకొచ్చాడు.

“చూడండి! ఇదీ ఆ జాతి అసలు రూపం. వేసింది ఎవరో కాదు, సాక్షాత్తూ ఈ పెయింటరు గారే. తన చేత్తో తనే మనల్ని నలభై ఏళ్ల నుంచి హెచ్చరిస్తూ, ఇప్పుడు అదే కుక్కని తెచ్చి మెట్ల కింద పెడితే మనమేమనుకోవాలి?”

అక్కడితో ఆపితే గెలిచేవాడే. కానీ మైకు దొరికిన కార్యదర్శి ఎక్కడైనా ఆపుతాడా? సంఘం పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టి, నీళ్ల ట్యాంకు మీదుగా, పార్కింగు గీతల దాకా వచ్చాడు. ముక్కాలు గంట గడిచింది. బోర్డు పక్కనే నాయనమ్మ కాళ్ల మీద పడుకున్న దిండు లేచి కూర్చుని నోరు తెరిచింది. నాలుక చుట్ట చుట్టింది. నాలుగు కోరలూ చూపించింది.

బోర్డు మీద ఒక నోరు, బోర్డు పక్కన ఒక నోరు. రెండూ ఒకటే.

రెండో అంతస్తు పెద్దాయనకి ఆవలింత అంటుకుంది. ఆయన నుంచి పక్కాయనకి, అక్కణ్ణుంచి వెనక వరసలకి. చివరికి మైకులో కార్యదర్శి ఆవలింత కూడా వినిపించింది.

“అయ్యగారూ, అయితే బోర్డులో ఉన్నది కూడా ఆవలింతేనాండీ?” అన్నాడు వాచ్‌మన్.

అందరూ తాతయ్య వైపు తిరిగారు. కాదనొచ్చు. కాదంటే పేరు నిలుస్తుంది, దిండు పోతుంది. ఆయన లోపలికి వెళ్లాడు. పారిపోయాడనుకున్నారు. పత్రిక ముక్క పట్టుకుని తిరిగొచ్చి బోర్డు పక్కన పెట్టాడు.

“ఆవలింతే. వేసినప్పుడు నాకు తెలీదు. తెలిశాక చెప్పలేదు. ఆ ఎరుపు దాని కళ్లది కాదు, నా డబ్బాలోది. తప్పు చేసింది కుక్క కాదు. తరలిస్తే నన్ను తరలించండి.”

“ఈయన్నయితే నేనిప్పుడే పంపిస్తాను” అంది నాయనమ్మ, కళ్లొత్తుకుంటూ.

జనం కరిగిపోయారని రాద్దామనే ఉంది. కానీ వెనక నుంచి మొదట వచ్చిన ప్రశ్న, “మరి ఈ సంగతి దొంగలకి తెలిస్తే?” బోర్డున్న ప్రతి ఇంటివాళ్లూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. గుసగుసలయ్యాయి. చివరికి కార్యదర్శి తీర్మానం చదివాడు. ‘సదరు కుక్క పరమ సాధువని, ఇక్కడే ఉండవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. అయితే ఈ విషయం బయట ఎవరికీ చెప్పరాదు.’

టీచరమ్మ తల పట్టుకుంది. ఊరూరా తిరిగి చాటాల్సిన మాటని రహస్యం చేసి గెలిపించారని. అందుకే చదివినవాళ్లు దీన్ని ఎవరికీ చెప్పవద్దని మనవి.

ఇప్పుడు తాతయ్య కొత్త రకం బోర్డు వేస్తున్నాడు. నోరు మూసిన దిండు, కింద ‘కుక్క ఉంది. పక్కకి తిరిగి నిలబడండి. అదే వస్తుంది.’ ఇప్పటిదాకా మూడు పెట్టారు, అందులో ఒకటి మా తలుపుకే. కార్యదర్శి తలుపుకి పాతదే ఉంది. కానీ రోజూ పొద్దున్నే తనిఖీ అని కిందికి దిగి, అటూ ఇటూ చూసి, పక్కకి తిరిగి పిడికిలి చాపుతాడు.

ఇదంతా రాసి తాతయ్యకి చదివి వినిపించాను. దిండు ఆయన కాళ్ల మీద పడుకుని ఉంది. చివరిదాకా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని ఆయన అన్నది ఇదీ:

“మొదటి ముక్క అబద్ధం, కొట్టెయ్యవే. నేను భయపెట్టినవాణ్ణి కాదు, ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువ భయపడినవాణ్ణి. ముందు ఆ కుర్చీ జరుపు, దాని తోక మీద వేసి కూర్చున్నావు.”