కదిలే చేతుల దగ్గర చెదిరిన బొమ్మ

2007 జూన్‌లో నన్ను కర్నూలు నుంచి నంద్యాల శాఖకు ఫీల్డ్ సర్వీసు ఇంజనీరుగా బదిలీ చేశారు. మాది కంప్యూటర్లు అమ్మి, ఇళ్లలో బిగించి, ఆ తరువాత మరమ్మతులు చూసే ఒక ప్రైవేటు సంస్థ. శాఖలో మేనేజరు తరువాతి స్థానం నాది. శిరివెళ్ల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల నా లైను. పొద్దున్నే ఫిర్యాదు పత్రాలు తీసుకొని బస్సెక్కడం, సాయంత్రానికి వాటిని పూర్తిచేసి తెచ్చి ఇవ్వడం నా పని. ఆ పత్రాన్ని కాల్ షీట్ అనేవాళ్లం. కస్టమరు చెప్పిన లోపం, ఇంజనీరు గమనించిన లోపం, చేసిన పని వరుసగా రాసి, కింద కస్టమరు చేత సంతకం పెట్టిస్తే కాల్ మూసినట్టు. నెలాఖరున మేనేజరు చూసేది ఎన్ని కాల్స్ మూశామన్నదే. ఎలా మూశామని ఎవరూ అడిగేవారు కాదు.

డీవీడీ రైటర్లు మామూలు ఇళ్లలోకి అప్పుడప్పుడే వస్తున్నాయి. పెళ్లి క్యాసెట్లకు బూజు పట్టకముందే డిస్కుల్లోకి ఎక్కించుకోవాలని జనం ఉబలాటపడేవారు. అందుకు కంప్యూటరులో క్యాప్చర్ కార్డు అనే పలక ఒకటి బిగించేవాళ్లం. కెమెరాను తీగతో దానికి కలిపి టేపు ఆడిస్తే, ఆ బొమ్మ కంప్యూటరులో ఫైలుగా మారుతుంది. ఆ ఫైలును రైటరు డిస్కు మీద రాస్తుంది. టేపు, ఫైలు, డిస్కు అని మూడు మజిలీలు. బొమ్మ చెడితే ఏ మజిలీలో చెడిందో ముందు తేల్చుకోవాలి. ఫైలులో బాగుండి డిస్కులో చెడితే లోపం రాయడంలో ఉన్నట్టు. ఫైలులోనే చెడి ఉంటే లోపం ఎక్కించడంలో ఉన్నట్టు, అప్పుడు మళ్లీ టేపు దగ్గరికే వెళ్లాలి. శిక్షణలో మొదటి రోజు నేర్పే పాఠం ఇది. నేను కొత్తవాళ్లకు నేర్పిన పాఠం కూడా.

ఆగస్టులో ఆళ్లగడ్డ నుంచి సుబ్బరాయుడి ఫిర్యాదు వచ్చింది. ఆయన రైతు. శిరివెళ్ల వైపు శనగ చేలు, కాపురం ఆళ్లగడ్డలో. నెల కిందట ఆయన ఇంట్లో కంప్యూటరు బిగించింది నేనే. వీడియో ఎక్కించడం, డిస్కు రాయడం కూడా ఒక పూట కూర్చుని నేర్పి వచ్చాను. షీటులో 'బొమ్మ గళ్లు గళ్లుగా పగులుతోంది' అని ఉంది.

వెళ్లేసరికి ఆయన చేలోకి పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. టీవీలో డిస్కు పెట్టి చూపించాడు. ముప్పై, ముప్పై అయిదేళ్ల మనిషి ఒకడు సున్నం గోడ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయి ఉన్నాడు. పక్కన కుట్టుమిషను. మనిషి ఎవరని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. డిస్కు తీసి చూస్తే పేరు కూడా లేని చౌక రకం. పైగా అత్యధిక వేగంలో రాసి ఉంది. అలాంటివాటిలో బొమ్మ ఆగడం, పగలడం మామూలే. నా సంచిలోని మంచి డిస్కు తీసి, వేగం తగ్గించి మళ్లీ రాశాను. టీవీలో పెడితే మొదటి నిమిషంలో గోడ, ముఖం, కంటి కింద నలుపు కూడా స్పష్టంగా కనిపించాయి.

"చేతులు కదిలిచ్చినప్పుడు చూడు సార్, ఆడ పగుల్తాండేది," అన్నాడు సుబ్బరాయుడు.

క్యాసెట్టు నుంచి కాపీ చేస్తే కదలికలో ఆ మాత్రం తేడా ఉంటుందని చెప్పాను. అప్పటికే కోయిలకుంట్లలో మరో రెండు కాల్స్ ఉన్నాయి. ఆయన సంతకం పెట్టి, గుమ్మం దాకా వచ్చి ఒక మాట అడిగాడు.

"కెమెరా, క్యాసెట్టు రెండూ కోయిలకుంట్ల స్టూడియో ఆయప్పవి. వాపసు అడుగుతాండాడు. ఇచ్చేయొచ్చునా?"

"ఇచ్చేయండి. ఫైలు కంప్యూటరులో భద్రంగా ఉంది కదా, టేపుతో ఇక పనిలేదు," అన్నాను. ఫైలు తెరిచి చూడకుండానే ఆ మాట అన్నాను.

పన్నెండు రోజులకు అదే ఫిర్యాదు మళ్లీ వచ్చింది. మూసిన కాల్ తిరిగి తెరుచుకోవడం ఇంజనీరుకు మచ్చ. చిరాకుతోనే వెళ్లాను. ఈసారి ఇంట్లో సుబ్బరాయుడితో పాటు ఆయన మరదలు లక్షుమ్మ కూడా ఉంది. ఆమె పక్కన నాలుగేళ్ల పాప. డిస్కు పూర్తిగా ఆడించమని ఆమే అడిగింది.

మొదటి రెండు నిమిషాలు దాటాక టీవీలోని మనిషి చేతులు ఎత్తాడు. వేళ్లు కదలగానే అవి చదరపు ముక్కలైపోయాయి. చేతులు ఆగినప్పుడు వేళ్లు కనిపించేవి, కదిలితే మళ్లీ ముక్కలు. ఎంతసేపు చూసినా ఫ్యాను చప్పుడు తప్ప మాట వినిపించలేదు. సౌండు కూడా సరిగ్గా ఎక్కలేదని అన్నాను.

సుబ్బరాయుడు నా వైపు చూశాడు. "వానికి మాట రాదు సార్. మా తమ్ముడు ఓబులేసు. పుట్టుచెవుడు. ఆ చేతులే వాని మాట."

ఓబులేసు ఆళ్లగడ్డలో దర్జీ. బడికి పోలేదు, బడిలో నేర్పే సైగలు రావు. పెళ్లయ్యాక అతనూ లక్షుమ్మా ఇంట్లో కుదుర్చుకున్న సైగలే వాళ్ల భాష. అన్నకు అది సగమే అర్థమయ్యేది. మూత్రపిండాలు చెడిపోయి ఇక నిలవనని తెలిశాక, కూతురికి చెప్పవలసిందంతా కెమెరా ముందు కూర్చుని చెప్పుకున్నాడు. నలభై నిమిషాలు. ఆ తరువాత నెల తిరక్కుండానే పోయాడు. పాప సైగలు మరిచిపోకముందే ఆ డిస్కు చూపిస్తూ నాన్న మాట నేర్పాలని తల్లి ఆశ.

ముఖం మాత్రం బాగా వచ్చిందని నేను ఏదో అనబోయాను.

"మొగం ఎవరికి గావాలన్నా? మొగం ఫోటోలో ఉంది," అంది లక్షుమ్మ. "నాకు చేతులు గావాల."

అప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని, మొదటిరోజే చేయవలసిన పని చేశాను. ఫైలు తెరిచాను. డిస్కులో ఎలా ఉందో ఫైలులోనూ అలాగే ఉంది. దాని వివరాలు చూస్తే డీవీడీ కన్నా బాగా తక్కువదైన వీసీడీ స్థాయిలో ఎక్కించినట్టు తేలింది. కెమెరా ఒక్కో బొమ్మను రెండు అరలుగా, అంటే సగాలుగా, ఒకదాని వెనుక ఒకటిగా రాస్తుంది. వీసీడీ పద్ధతి అందులో ఒక అరను పారేస్తుంది. మిగిలినదాన్ని కూడా నొక్కి కుదిస్తుంది. కదలనివాటికి పెద్ద నష్టం లేదు. గోడ గోడలాగే ఉంటుంది. వేగంగా కదిలేదే నలిగిపోతుంది.

ఆ స్థాయి పెట్టింది సుబ్బరాయుడు కాదు. కంప్యూటరు బిగించిన రోజు నేనే పెట్టాను. డీవీడీ స్థాయి పెడితే చిన్న యంత్రాలు తట్టుకోలేక మధ్యలో ఆగిపోయేవి, ఫిర్యాదులు వచ్చేవి. అందుకని ఇళ్లలో వీసీడీయే పెట్టడం మా శాఖలో అలవాటు. ఆ సంగతి ఆయనకు చెప్పి, టేపు ఉంటే మళ్లీ ఎక్కిస్తానన్నాను.

సుబ్బరాయుడు మోటారు సైకిలు తీశాడు. ఇద్దరం కోయిలకుంట్ల వెళ్లాం. స్టూడియో ఆయన క్యాసెట్ల అర వెతికి ఒకటి తీసి, దాని మీద చీటీ చదివి తలవంచుకున్నాడు. మొన్నటి పెళ్లికి వాడేశానన్నాడు. "ఎక్కించుకుంటిమి అంటివి గదన్నా నువ్వు. లేకుంటే నేను ముట్టుకుంటానా?"

టేపు ఆడించి చూశాం. పెళ్లిపీటలు, తలంబ్రాలు, భోజనాల పంక్తి. ముప్పై ఆరు నిమిషాలకు పెళ్లి అయిపోయింది. తెర ఒక్కసారి నల్లబడి, సున్నం గోడ ముందు ఓబులేసు వచ్చాడు. చివరి నాలుగు నిమిషాలు చెరగకుండా మిగిలాయి.

తిరుగు దారిలో శనగకు దున్నిన చేల పక్కన ఒకచోట బండి ఆపి, సుబ్బరాయుడు ఒకే మాట అన్నాడు. "నిన్ను అడిగే ఇస్తి గద సార్."

ఆయన మళ్లీ బండి తీశాడు.

ఆ నాలుగు నిమిషాలను నంద్యాల తీసుకెళ్లి, శాఖలోని పెద్ద యంత్రం మీద పూర్తి స్థాయిలో ఎక్కించాను. ఆ డిస్కు ఆళ్లగడ్డ తెచ్చి పెట్టినప్పుడు వేలి మీది సూదిపోట్లు కూడా కనిపించాయి. లక్షుమ్మ ఎక్కడా తడుముకోకుండా చెప్పుకుంటూ పోయింది. మిషను బెల్టు సడలితే ఎవరి చేత వేయించాలో చెప్తున్నాడట. కత్తెర దాచిపెట్టొద్దు, పట్టుకోవడం నేర్పు అంటున్నాడట. పాపది ఎడమచేతి వాటం, దాన్ని మార్చొద్దు అంటున్నాడట. నాలుగు నిమిషాలూ అయిపోయాక మాకందరికీ ఒక సంగతి తెలిసివచ్చింది. మిగతా ముప్పై ఆరు నిమిషాలూ ఇలాగే ఉండవలసినవి.

శాఖలో జరిగింది కూడా చెప్పాలి. కోయిలకుంట్ల నుంచి తిరిగొచ్చిన రోజు షీటులో, ఇంజనీరు గమనించిన లోపం అన్న చోట 'బిగించినప్పుడు తప్పు స్థాయి పెట్టడం వల్ల' అని రాశాను. మేనేజరు చదివి నన్ను లోపలికి పిలిచాడు. టేపు ఇచ్చేసింది కస్టమరు, మనం రాసుకొని నెత్తికెత్తుకోవడం దేనికని అడిగాడు. షీటు చించి కొత్తది ఇచ్చాడు. అందులో 'మూల టేపు కస్టమరు వద్ద లేదు, మరమ్మతు సాధ్యం కాదు' అని నా చేత్తోనే రాశాను. ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. నాలుగు నిమిషాల డిస్కు తీసుకెళ్లినప్పుడు సుబ్బరాయుడు దాని మీద చదవకుండానే సంతకం పెట్టాడు. నన్ను నమ్మి ఆయన పెట్టిన రెండో సంతకం అది.

ఆ తరువాత మూడు ఆదివారాలు నేను సొంతంగా ఆళ్లగడ్డ వెళ్లాను. పాడైన ఫైలును బాగుచేసే మార్గం లేదు. పారేసిన అరను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు, ఊహించి పూయగలదంతే. చేయగలిగింది ఒక్కటే. ఫైలును నాలుగో వంతు వేగంతో ఆడిస్తూ, లక్షుమ్మకు తెలిసినంత చెప్పించి, ఆ మాటలను బొమ్మ కింద అక్షరాలుగా పెట్టాలి. ఆమె తెరకు దగ్గరగా కూర్చునేది. చేతులు తెలియని చోట తన చేతులు కదిపి, భుజం ఎత్తు, మోచేతి వంపు సరిపోతాయేమో చూసుకునేది. కొన్నిసార్లు ఆ కదలికను బట్టే మాట దొరికేది. దొరకనప్పుడు "ఈడ తెలీదన్నా" అనేది. నేను ఖాళీ వదిలేవాణ్ని.

రెండో ఆదివారం ఒకచోట ఓబులేసు పాపను ఉద్దేశించి కెమెరా వైపు చూపించి, చెవి మూసి చూపించాడు. ఆమె చెప్పింది: "నువ్వు చంటిదానిగా ఏడ్చేటప్పుడు నాకు ఇనపడదు, దానికని నా చెయ్యి..." అంతలో చేతులు ముక్కలయ్యాయి. మూడుసార్లు వెనక్కి తిప్పాం. ప్రయోజనం లేకపోయింది.

చెయ్యి ఎక్కడ పెట్టేవాడో నీకు తెలిసే ఉంటుంది కదమ్మా, అదే రాద్దామన్నాను.

"తెలుసు. పాప ఎద మీద చెయ్యి పెట్టుకొని పండుకుంటాండె. ఎక్కెక్కి ఏడుస్తే చేతికి తెలుస్తాదని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయినా ఈడ ఆయప్ప అనింది అదో కాదో. కండ్లతో చూడంది రాయొద్దు. రేపు పాప అదే నిజమనుకుంటాది."

అక్కడా ఖాళీ వదిలాం. ముప్పై ఆరు నిమిషాల్లో సగానికి పైగా ఖాళీలే. మూడో ఆదివారం డిస్కు రాసి, నకలు ఒకటి వేరే ఉంచమని చెప్పి ఇచ్చాను. లక్షుమ్మ తీసుకుంది. సుబ్బరాయుడు నన్ను బస్టాండులో దించాడు. మా సంస్థకు ఆయన మళ్లీ ఏ ఫిర్యాదూ ఇవ్వలేదు. ఏడాది సర్వీసు గడువు ముగిశాక మా జాబితాలో ఆయన పేరు కూడా లేకుండా పోయింది.

నంద్యాలలో ఇంకా ఆరేళ్లు పనిచేశాను. పద్ధతి మార్చుకున్నాను. వీడియో ఫిర్యాదు ఏదైనా సరే, యంత్రం మూత విప్పేముందు, ఈ బొమ్మలో మీరు చూడవలసింది ఏది అని అడిగేవాణ్ని. ఒకరు నాయనమ్మ ముఖం అనేవారు. ఒకరు బండలాగుడు పోటీలో తమ ఎద్దుల కాళ్లు అనేవారు. ఆ భాగాన్నే, వాళ్ల టీవీలోనే, వాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని చివరిదాకా చూసేవాణ్ని. ఆ తరువాతే సంతకం. నెలకు మూసే కాల్స్ తగ్గాయి. మేనేజరు రెండుసార్లు ఆ సంగతి ఎత్తి చూపాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. బొమ్మ బాగుందని తేల్చే అధికారం ఇంజనీరుకు లేదు. అది దానితో పని ఉన్నవాళ్లది. మూల టేపును వదులుకోవచ్చని చెప్పే అధికారమైతే అసలే లేదు.