బోరు దుమ్ము

ల్యాబులో నాకు పని నేర్పిన సీనియర్‌ది ఉరవకొండ దగ్గర పల్లె. యంత్రంలో పెట్టే ముందు ప్రతి మట్టినీ చిటికెడు తీసి నాలుకకు అంటించుకునేవాడు. బాగా ఎండిన బంకమట్టి నాలుకను పట్టుకుని వదలదు. "దీనికి దప్పికైతాండాదప్పా" అనేవాడు. మట్టి మీదికి న్యూట్రాన్లను వదిలి, అవి చెదిరే తీరును బట్టి పొరల మధ్య నీటి అణువులు ఎంత కదులుతున్నాయో చూడటమే మా పని.

ఒకసారి వాళ్ల నాయన తమ చేనిలోని నల్లరేగడి పంపి, చూసి చెప్పమన్నాడు. ఫలితం వచ్చిన రోజు సీనియర్ నా పక్కన నిలబడే ఫోన్ చేశాడు.

"నీళ్లుండాయా?" అని అడిగాడు నాయన.

"ఉండాయి నాయనా."

పొరల్లో ఇరుక్కున్న ఆ నీళ్లు దాదాపు కదలవనీ, ఏ బోరుకూ అందవనీ కూడా చెప్పాల్సింది. ఆ గొంతులో ఆశ విన్నాక నోరు రాలేదని తర్వాత నాతో అన్నాడు.

నాయన ఇంకో బోరు వేయించాడు. దుమ్మే లేచింది. నెల తిరక్కముందే ఆ బోరు పక్కన ప్రాణం తీసుకున్నాడు.

కర్మంతరానికి నేనూ వెళ్లాను. వాళ్లమ్మ చిన్న గుడ్డమూట తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"బోర్లో లేసిన దుమ్మప్పా. దీంట్లో నీళ్లు యాడుండాయో నువ్వు సూసి సెప్తావని ఎత్తిపెట్టినాడు."

నేను ల్యాబు వదిలే నాటికి ఆ మూట సీనియర్ బల్ల మీదే ఉంది. ఎక్కడెక్కడి మట్టి వచ్చినా నాలుకకు అంటించుకుంటూనే ఉన్నాడు. ఆ ముడి మాత్రం విప్పలేదు.