బాపు ఇచ్చిన తాళంచెవి

ఇవాళ ఈ అరబ్బు దేశంలో, సీబ్ ఊళ్లో, మా ఇంటి ఏసీకి వేసిన కొత్త రిలే, అదే కరెంటుతో పనిచేసే బుల్లి స్విచ్, టిక్కుమనగానే, ఇక్కడి రుసైల్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసిన మా బాపు గుర్తొచ్చాడు.

నా చిన్నప్పుడు ఒక సెలవునాడు నన్ను ఫ్యాక్టరీకి వెంట తీసుకెళ్లి, మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళమేసి, తాళంచెవి నా చేతికిచ్చాడు. "నేను ప్యానెల్లకెల్లి చేతులు తీసేదాంక ఎవ్వలడిగినా ఇయ్యకు బిడ్డా."

నన్ను ఊరుకోబెట్టే ఆటనుకున్నాను.

బాపు రిలేలకు వైర్లు బిగిస్తుండగా సూపర్‌వైజర్ వచ్చాడు. "చాబీ దేదో బేటీ, మిషన్ చాలూ కర్నా హై." మిషన్ నడపాలట, తాళంచెవి ఇమ్మన్నాడు.

"నై దేతీ! బాపు చేతులు లోపలున్నయ్. నీ చేతులు పెట్టు, అప్పుడిస్త!"

పని ముగిశాక నా దగ్గర తాళంచెవి తీసుకుని బాపే స్విచ్ వేశాడు. అగ్గిపెట్టెలంత రిలేలు టిక్కుమంటే లారీ అంత యంత్రం కదిలింది. నోరు వెళ్లబెట్టాను.

అంతకన్నా పెద్ద వింత ఇప్పుడు తెలుస్తోంది. ఎదురు మాట్లాడుతుందని ఇంటిల్లిపాదీ తిట్టే పిల్లకే బాపు తన ప్రాణం అప్పగించాడు.