మిలిటరీ మిషను, ఓ పాజిటివ్ కొబ్బరికాయ

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేటలో ఏ వస్తువుకైనా ముందు 'మిలిటరీ' అన్న మాట తగిలిస్తే చాలు, దాని మీద జనానికి ఎక్కడలేని గౌరవం వచ్చేసేది. మిలిటరీ టార్చిలైటు, మిలిటరీ రగ్గు, మిలిటరీ బూట్లు. ఆఖరికి బస్టాండు దగ్గర చెవుల్లో గులిమి తీసే ఆయన కూడా తన పుల్ల మిలిటరీ ఆసుపత్రి నుంచి వచ్చిందనేవాడు (ఆ పుల్ల నా చెవిలోకీ వెళ్ళింది కాబట్టి ఈ మాట సాక్ష్యంతో చెబుతున్నాను). సరిహద్దులో వాడే సామానంటే అది పాడవదని, గురి తప్పదని, అబద్ధమాడదని మా గట్టి నమ్మకం. ఇంతమంది ఇంత హాయిగా నమ్ముతుంటే, నమ్మించేవాళ్ళు కూడా కొందరు కావాలి కదా. నా మొదటి ఉద్యోగం ఆ రెండో జట్టులో దొరికింది.

తొంభైల చివర్లో సంగతి. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఇంట్లో కూర్చున్నాను. "మావాడు రాళ్ళ చదువు చదివాడండీ" అని నాన్న వచ్చినవాళ్ళకి చెప్పే మాటలో గర్వమెంతో, దిగులెంతో నాకిప్పటికీ తేలలేదు. సున్నపురాయి క్వారీల ఊళ్ళో పుట్టి రాళ్ళు చదివితే ఉద్యోగం ఎదురొచ్చి పిలుస్తుందనుకున్నాను గానీ, సిమెంటు ఫ్యాక్టరీల గేట్లన్నీ తిరిగితే వాచ్‌మన్లతో పరిచయం తప్ప ఇంకేం మిగల్లేదు. చివరికి నందిగామలో బోర్లు వేయించే ఒక చిన్న ఆఫీసువాళ్ళు తీసుకున్నారు. పొలంలో ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో మిషనుతో చూసి చెప్పాలి. దాన్ని 'పాయింటు పెట్టడం' అంటారు. మిషనంటే ఒక చెక్కపెట్టె, దాని మీద ముల్లు ఊగే మీటరు, లోపల బ్యాటరీలు, నాలుగు ఇనపకడ్డీలు, నాలుగు చుట్టల వైరు, ఒక సుత్తి. కడ్డీలు నేలలో దిగ్గొట్టి కరెంటు పంపితే, నేల ఆ కరెంటును ఎంత అడ్డుకుంటోందో ముల్లు చూపిస్తుంది. లోపల చెమ్మ ఉంటే అడ్డు తగ్గుతుంది. దాని విద్య అంతే. మిగతాదంతా మనం ఊహించుకోవలసిందే.

చేరిన రోజునే ఓనరుగారు నాకు పరీక్ష పెట్టారు. "రైతు ఇదేం మిషనని అడుగుతాడు. ఏం చెబుతావ్?" అన్నారు. "భూమి పొరల్లోని విద్యుత్ నిరోధాన్ని కొలిచే..." అని మొదలుపెట్టాను. "చాల్లే, ఆపు. నువ్వది పూర్తిచేసేలోపు రైతు ఇంటికెళ్ళి పడుకుంటాడు. మిలిటరీ మిషనని చెప్పు. బోర్డర్లో శత్రువులు తవ్విన సొరంగాలు కనిపెట్టేదని చెప్పు. సొరంగాన్ని పట్టుకుంది నీళ్ళని పట్టుకోదూ?" అన్నారు. పెట్టెకు అప్పటికే ముదురాకుపచ్చ రంగు కొట్టించి, మూత మీద తెల్లపెయింటుతో ఏవో అంకెలు కూడా రాయించారు (అవి ఆయన స్కూటరు నెంబరని నాకు చాలా రోజులకు తెలిసింది). మొదట నాలుక కాస్త తడబడింది. రెండో నెలకల్లా సొరంగాల లోతు, పొడవు కూడా నేనే కల్పించి చెప్పేస్తున్నాను. 'ఇంజనీరుగారూ' అని పిలిచి మంచం వాల్చి కూర్చోబెట్టే మర్యాదకి ఇరవైమూడేళ్ళవాడి తలకాయ ఎంత తిరగాలో అంతా తిరిగింది.

అలాంటి రోజుల్లో, గరికపాడు చెక్‌పోస్టుకు ఇవతల ఒక మామిడితోటకి వెళ్ళాను. తోటంటే పెద్ద చెట్లేం కాదు, నాలుగేళ్ళ మొక్కలు. ఆ రైతుని బాబాయిగారనీ, ఆయన భార్యని పిన్నిగారనీ పిలిచేవాణ్ణి. అంతకుముందు వేసిన మూడు బోర్లూ ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. బాబాయిగారు ఎడ్లబండి మీద డ్రమ్ములతో నీళ్ళు తెచ్చి చెంబులతో పోస్తున్నారు. అయినా సగం మొక్కలకి ఆకులు వేలాడిపోయాయి. వానలకింకా రెండు నెలలుంది. పక్క పొలం అప్పటికే క్వారీ అయిపోయింది. ఆ క్వారీవాళ్ళు వీళ్ళ తోట కూడా ఇమ్మని రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళారు. "ఇదే ఆఖరి బోరు. ఇదీ పడకపోతే మొక్కలు పీకేసి నేల వాళ్ళకిచ్చేద్దాం. ఇంక నావల్ల కాదు" అని పిన్నిగారు తేల్చి చెప్పేశారట. బాబాయిగారు ఈ సంగతి చెబుతూ ఒక మొక్క ఆకుని వేళ్ళతో నిమురుతూనే ఉన్నారు. నేను మాత్రం పెట్టె మూత మీద దుమ్ము తుడిచి, సొరంగాల కథ ఎత్తుకున్నాను.

అంతా విని బాబాయిగారు, "మంచిదండీ ఇంజనీరుగారూ. అయితే మీ మిషను మీదే, మా కాయ మాదే. రెండూ ఒక్కచోటే చెబితేనే బోరు" అన్నారు. కాయ అంటే కొబ్బరికాయ. దాన్ని అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తారు, కింద నీళ్ళున్నచోట అది నిక్కి నిలబడుతుందట. ఆ పని చేసేది పిన్నిగారి అన్నగారు, రిటైరైన బడిపంతులు. ఊరంతా ఆయన్ని కాయ మేష్టారనే పిలిచేవారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి లామినేషన్ చేయించిన బ్లడ్ గ్రూపు కార్డు తీసి చూపించారు. "ఓ పాజిటివ్! ఈ నెత్తురున్నవాడికే కాయ లేస్తది. నెత్తుట్లో ఇనుముంటది గదా, దానికీ భూమిలో నీటికీ ఆకర్షణ. మీ సైన్సులోకి ఇంకా రాలేదులే" అన్నారు. నాకు నవ్వాగలేదు. నవ్వును దగ్గుగా మార్చడానికి చాలా అవస్థపడ్డాను.

ఎండలో రెండు గంటలు కడ్డీలు దిగ్గొడుతూ, పీకుతూ, వైర్లు లాగుతూ తిరిగాను. ఎక్కడ చూసినా గట్టిరాయే. మేష్టారి చేతిలో కాయ కూడా హాయిగా పడుకునే ఉంది. చివరికి తోటకి ఈశాన్యం మూలకి వెళ్ళి కరెంటు పంపేసరికి ముల్లు ధబాలున పడిపోయింది! అంత తక్కువ రీడింగు నేను ఎప్పుడూ చూడలేదు. మళ్ళీ ఒకసారి కొలవాలి, పక్కకు జరిపి చూడాలి, చదువుకున్నదంతా అదే చెబుతుంది. కానీ నాకంత ఓపికెక్కడిది? "బాబాయ్‌గారూ, ఏరు! ఏకంగా ఏరు పారుతోంది కింద!" అని కేకపెట్టాను. మేష్టారు గబగబా వచ్చి నిలబడ్డారు. అంతవరకూ పడుకున్న కొబ్బరికాయ, నా కేక విన్నాక, నా కళ్ళముందే పిలకతో సహా నిటారుగా లేచి నిలబడింది. "ఈశాన్యం గూడా కలిసింది, వాస్తు దివ్యంగా ఉంది!" అని బాబాయిగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముగ్గురం ఒకరి చేతులొకరం పట్టుకున్నాం. సున్నంతో గుర్తు వేసి, పసుపుకుంకాలు చల్లి, పొద్దున్నే రమ్మని బోరు లారీకి కబురు కూడా పంపేశారు.

అప్పుడు పిన్నిగారు మజ్జిగ పట్టుకుని వచ్చారు. సున్నం గుర్తు చూసి ఆగిపోయారు. "ఇక్కడా? ఇక్కడ పైపుంది గదా!" అన్నారు.

"ఏం పైపే?" అన్నారు బాబాయిగారు.

"రెండో బోరు పైపు. ఎండిపోయాక తవ్వి తీయించండీ అని నెత్తీనోరూ కొట్టుకున్నా, తీశారా? గట్టు దాకా ఇనపపైపు అట్టాగే పడుంది."

పలుగుతో నాలుగు పోట్లు పొడిస్తే జానెడు లోతులోనే ఠంగుమంది. సొరంగాలు కనిపెట్టే నా మిషను తుప్పుపట్టిన పైపుని కనిపెట్టింది. నేను కొయ్యబారిపోయాను. మేష్టారు మాత్రం చెక్కుచెదరలేదు. "పైపులో ఒకప్పుడు నీళ్ళు పారినై గదా. కాయ ఆ సంగతే చెప్పింది. కాయ తప్పేం లేదు" అన్నారు. "నువ్వూరుకో అన్నయ్యా" అన్నారు పిన్నిగారు. బాబాయిగారు వెళ్ళి గట్టు మీద కూర్చుని తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది. ఈయన తోటంతా నా నోటి మాట మీద ఉందన్న సంగతి నాకు అప్పుడు, ఆ క్షణంలో తెలిసింది.

పైపు కింద కూడా ఏరే ఉందని బుకాయించడానికి దారుంది (ఓనరుగారైతే అదే చెప్పేవారు, ఇంకా మజ్జిగ కూడా తాగేవారు). నావల్ల కాలేదు. "పిన్నిగారూ, ఇది మిలిటరీది కాదండీ. రంగు మేమే వేయించాం. సొరంగాలూ లేవు, ఏమీ లేవు. ఇది నీళ్ళని చూడలేదు. నేల ఎట్టా ఉందో కొంచెం చెబుద్ది, మిగతాది నేను ఊహించాలి. ఆ ఊహించడం కూడా ఇవాళ సరిగ్గా చెయ్యలా" అన్నాను. పొమ్మంటారనుకున్నాను. ఆవిడ మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టి, "సరే, ముందు మజ్జిగ తాగు. తాగి మళ్ళీ మొదట్నుంచీ చూడు. వైరు నేను పట్టుకుంటా" అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా పిన్నిగారు చెంగు నడుముకి దోపుకుని వైరు పట్టుకున్నారు. ప్రతిచోటా మూడేసిసార్లు కొలిచాను, ప్రతి అంకెనీ నోట్సులో రాశాను, పైపులెక్కడున్నాయో అడిగి మరీ అడుగేశాను. పొద్దు వాలేసరికి నైరుతి మూలలో ఒకచోట రాయి పగిలి చెమ్మ పట్టినట్టు అనిపించింది. ముల్లు ధబాలున పడలేదు, నెమ్మదిగా దిగింది. "నైరుతిలో గొయ్యా! కొంప మునుగుద్ది!" అని బాబాయిగారు గట్టు మీంచి లేచారు. "మునగడానికి నీళ్ళు పడితే గదా! మొక్కలు ఎండాక ఏ మూలైతే ఏం?" అన్నారు పిన్నిగారు. తర్వాత నావైపు తిరిగి, "కచ్చితంగా పడతయ్యా అబ్బాయ్?" అని అడిగారు. "తెలీదు పిన్నిగారూ. ఈ తోటలో ఇంతకన్నా మంచి చోటు లేదని మాత్రం చెప్పగలను" అన్నాను. "ఇన్ని బోర్లు వేశాం. తెలీదన్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. ఇక్కడే వేయించండి" అని ఆవిడే సున్నం గుర్తు పెట్టేశారు.

మేష్టారు మాత్రం వదల్లేదు. "నీ గ్రూపేంటోయ్?" అని అడిగి, ఓ పాజిటివే అనగానే కాయ నా అరచేతిలో పెట్టారు. అది లేచింది. నిజంగానే లేచింది! చెయ్యి వణికిందేమో, కాయ గుండ్రంగా ఉందేమో, కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి. మా యూనివర్సిటీ స్నేహితులకి మాత్రం ఈనాటికీ చెప్పలేదు.

పొద్దున్న బోరు లారీ వచ్చింది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది, గొట్టంలోంచి తెల్లటి సున్నపు దుమ్ము తప్ప ఏమీ రావడంలేదు. నూరడుగులు, నూటయాభై. అందరం పిండిమరలోంచి వచ్చినవాళ్ళలా తయారయ్యాం. బాబాయిగారు అటువైపు తిరిగి నిలబడ్డారు, చూడలేక. రెండువందల అడుగులప్పుడు డ్రైవరు ఆపమంటారా అన్నట్టు చెయ్యూపాడు. పిన్నిగారు నావైపు చూశారు. ఇంకొక్క రాడ్డు అన్నట్టు వేలు చూపించాను. ఆ రాడ్డు సగం దిగిందో లేదో దుమ్ము ఆగింది. తర్వాత బురద, బురద తర్వాత నీళ్ళు, చాలా పైకి, మా అందరి నెత్తిమీదా! బాబాయిగారు ఒక్క పరుగున వచ్చి ఆ బురదనీళ్ళలో నిలబడి ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను, దుమ్ము పడిందని చెప్పుకున్నాను. పిన్నిగారు మాత్రం డ్రైవరు దగ్గర డబ్బా లాక్కుని, నీళ్ళు పట్టి, దగ్గర్లో ఉన్న మొక్కకి పోసి, మళ్ళీ పట్టి రెండో మొక్కకి పోశారు. కాలవ తీస్తే సరిపోతుందని ఎవరో చెప్పినా వినిపించుకోలేదు.

మిషను గుట్టు బయటపెట్టానని ఓనరుగారికి తెలిసిపోయింది. "నన్ను బజార్లో నిలబెట్టావు కదయ్యా!" అని మండిపడి, ఉద్యోగం మానేసి పొమ్మన్నారు. నేను సామాను సర్దుకుంటుండగా బాబాయిగారి ఊరినుంచి ముగ్గురు రైతులొచ్చారు. వాళ్ళకి ఓనరుగారు మంచినీళ్ళిచ్చి, మిలిటరీ మిషను విశేషాలు ఎత్తుకోబోతే, అందులో పెద్దాయన అడ్డుపడ్డాడు. "మిషనేదైనా పర్లేదండి. తెలీదని చెప్పే కుర్రాడున్నాడంట గదా, ఆయన్ని పంపించండి" అన్నాడు. ఓనరుగారు నావైపు చూశారు, నేను గోడవైపు చూశాను. సర్దిన సామాను మళ్ళీ విప్పాను.

ఇప్పుడు జుట్టు నెరిసింది. నా మిషను భూమి లోపలిదంతా ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో తెరమీద బొమ్మ గీసి చూపిస్తుంది. దాని కింద నేను రాసే రిపోర్టులో 'అనుకూల సూచనలు', 'మధ్యస్థ సంభావ్యత' లాంటి పెద్ద పెద్ద మాటలుంటాయి. అవన్నీ 'తెలీదు' అనకుండా తప్పించుకోవడానికి నేర్చుకున్న మాటలే. చెమటలు కక్కుతూ, వణుకుతూ, ఆ ఒక్క మాట తిన్నగా అనేసిన కుర్రవెధవ గుర్తొస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయగా కూడా ఉంటుంది. మొన్న ఒక రైతు రిపోర్టు తిరగేసి, "ఇంతకీ పడతయ్యా అండీ?" అని అడిగాడు. కళ్ళజోడు తీసి, రిపోర్టు మూసేసి, చాలా ఏళ్ళ తర్వాత, "తెలీదండీ" అన్నాను.