మిక్సీ కింద నిమ్మకాయ

హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో మిక్సీల పందెం ఎలా పుట్టిందని ఈనాటి పిల్లలు అడగరు. అలాంటి ఆట ఒకటి ఉండేదనే వాళ్ళకు తెలియదు. తెలిసిన పెద్దలేమో అది అమ్మవారి మహిమతో పుట్టిందంటారు. శుద్ధ అబద్ధం. అది అమ్మవారి మహిమకు ఎదురు నిలిచి పుట్టిన ఆట. నేనూ నా మిత్రుడూ కలిసి పుట్టించాం. తర్వాత ఆ మిత్రుడే దాన్ని అమ్మవారి చేతికి అప్పగించాడు.

తొంభైల నడుమ మాట. నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాణ్ణి. మిత్రుడికి కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర, లారీలు నిలిచే చోట, మోటార్లకు కాయిల్ చుట్టే దుకాణం ఉండేది. ఆదివారాలు ఇద్దరం ఊళ్ళు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడేవాళ్ళం. నేను వాదించేవాణ్ణి, అతడు నవ్వించేవాడు. జనం నా వాదన అక్కడే వదిలేసి అతడి మాటలు ఇంటికి పట్టుకెళ్ళేవారు. అందుకు నాకు అసూయ లేదు. అతడు పక్కన నిలబడితే సాక్షాత్తూ దేవుడే దిగొచ్చి వాదించినా ఓడిపోనన్న ధైర్యం ఉండేది.

అప్పుడే కుందారపల్లిలో ఒక రైతు ఇంట్లో గ్రైండరు నడిచింది. పిండి రుబ్బుతుండగా వంటింటి మూల నుంచి దానంతట అదే గడప దాకా వచ్చిందట. ఇంటి పెద్దావిడ దానికి అమ్మోరు పూనిందని పసుపు పూసి, చీర చుట్టి, ముందు పళ్ళెంలో నిమ్మకాయలు పేర్చింది. అమ్మోరి చేత పిండి రుబ్బించడం తప్పు కాబట్టి, ఇడ్లీ పిండి పక్కింట్లో రుబ్బించి తెచ్చుకునేవారు.

మేం వెళ్ళాం. పెరడు నిండా జనం. కాళ్ళకున్న రబ్బరు అరిగి, నేల నున్నగా ఉంటే ఏ యంత్రమైనా అదురుకు జరుగుతుందని నేను వివరించాను. రుజువు కోసం మిత్రుడి దుకాణంలోని పాత మిక్సీ ఒకటి తెచ్చాం. దానికి ఒక కాలికి రబ్బరే లేదు. ఎర్ర గచ్చు మీద పెట్టి స్విచ్ వేశాం. అది గుర్రుమంది. వణికింది. ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"ఏమప్పా, మీ మిక్సీకి చలిజొరం వచ్చినట్లుండాదే!" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"జొరం కాదప్పా, అమ్మోరి ముందర భయం," అంది పెద్దావిడ.

నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మిత్రుడు స్విచ్ ఆపాడు. "ఉండండమ్మా, దీనికి మీ ఊరు కొత్త. సిగ్గుపడతా ఉండాది," అంటూ మిక్సీని ఎత్తి, గ్రైండరు పక్కన పెట్టి, దాని కింద ఏదో సర్దాడు. ఈసారి స్విచ్ వేయగానే అది పీతలా అడ్డంగా ఉరికి గోడను గుద్దుకుంది. పెరడంతా ఈలలు. మిత్రుడు పరుగున పోయి దాన్ని ఎత్తి సంచిలో పెట్టేశాడు. వస్తువంటే ఎంత జాగ్రత్త అనుకున్నాను.

"మాదీ పోతాదేమో చూస్తాం," అని ఒకామె ఇంటికి పోయి తన మిక్సీ పట్టుకొచ్చింది. దాని పక్కన ఇంకొకరు తమది పెట్టారు. ఏది ముందు గోడ తాకుతుందో చూద్దామన్నారు. అమ్మోరిని అందరూ మరిచిపోయారు. సాయంత్రానికి పెద్దావిడ కూడా చీర విప్పేసి గ్రైండరులో ఇడ్లీకి ఉద్దిపప్పు పోసింది.

అంతటి గెలుపు నా జీవితంలో మళ్ళీ లేదు. తర్వాత ఎన్నో సభల్లో నన్ను మాట్లాడనివ్వకుండా దింపేశారు, నా మీద మట్టి విసిరారు. అప్పుడల్లా ఆ పెరడును తలచుకుని మరుసటి ఆదివారం మళ్ళీ బయలుదేరేవాణ్ణి. మనుషులకు కళ్ళతో చూపిస్తే నమ్ముతారన్న నా సిద్ధాంతానికి ఆ ఒక్క మధ్యాహ్నమే పునాది.

ఆట ఊరూరా పాకింది. మా జిల్లాలో ఎద్దులను ఉరికించే జనానికి మిక్సీలను ఉరికించడం ఎంత పని? వైరు ఎంత పొడవో పరుగు అంత. జార్ ఖాళీగా ఉండాలి, చెయ్యి తగలకూడదు. కరెంటు పోతే ఎక్కడివక్కడ సుద్దముక్కతో గీత గీసి, వచ్చేదాకా టీ తాగాలి. టేబుల్ ఫ్యానును మొదట చేర్చుకున్నాం కానీ, అది పరుగు మానేసి ప్రేక్షకుల వైపు తల తిప్పి చూస్తోందని తీసేశాం. ఇస్త్రీ పెట్టె చాప కాల్చింది, దాన్నీ పంపేశాం. రెండువేల సంవత్సరం తర్వాత వాషింగ్ మెషీన్లు వచ్చాయి. అవి మొదలుపెడితే ఆపడానికి నలుగురు కావాలి. జూజువాడిలో మాత్రం వేరే తగాదా. కర్ణాటక కరెంటు తాగి పెరిగిన మిక్సీకి తమిళనాడు కరెంటులో దమ్ము చాలదని సరిహద్దు అవతలి వాళ్ళు గోల పెట్టేవారు.

పెద్ద పోటీని ఆయుధపూజ నాడే పెట్టాం, కావాలనే. ఆ రోజు యంత్రాలను నడపరు. వాటికి బొట్టు పెట్టి, బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఏ బొట్టూ లేకుండా, అదే రోజున యంత్రాలను ఉరికిస్తే ఆకాశం ఊడి పడదని చూపించాలి. అందుకే మొదటి నియమం: పసుపు, కుంకుమ, నిమ్మకాయ మూడూ నిషేధం. ఆ నియమాన్ని మైకులో చదివేది నా మిత్రుడే. "బొట్టు పెట్టుకోవాలంటే మీరు పెట్టుకోండప్పా, మిక్సీకి పెండ్లి కాలేదు," అని చదివేవాడు.

ఒక ఏడాది కృష్ణగిరిలో, సీజన్ అయిపోయి ఖాళీగా ఉన్న మామిడికాయల మండీలో చివరి పరుగు జరిగింది. ఒకటి మిత్రుడి పాత మిక్సీ, అదే కుందారపల్లి మిక్సీ. రెండోది కావేరిపట్టణంలో టిఫిన్ హోటలు నడిపే ఆవిడది. రోజూ చట్నీ తిప్పి కండలు పెంచిన మిక్సీ అని దాని మీద అందరికీ గౌరవం. మాదే గెలిచింది. మిత్రుడు ఎప్పటిలాగే సంచితో పరుగెత్తాడు. హోటలావిడ అంతకంటే వేగంగా పరుగెత్తింది. మిక్సీని తలకిందులు చేసింది.

"ఇదేందప్పా ఇది?"

ఆమె వేళ్ళ మధ్య నలిగిన నిమ్మకాయ. కుంకుమ అద్దింది.

"రూలు పెట్టినోళ్ళే ఈ పని చేస్తే యాడ చెప్పుకొనేది?"

నాకింకా ఏమీ తలకెక్కలేదు. అలవాటు కొద్దీ వాదనకు దిగాను. "మహిమ కాదమ్మా. రబ్బరు లేని కాలి కింద ఇరుక్కొని మిక్సీని ఒక పక్కకు ఒరిగించింది. రసం కారి నేల జారింది. అంతే."

"అంటే దేనివల్ల గెలిచినట్లు?"

"నిమ్మకాయ వల్ల."

"మేమూ అదే కదప్పా చెప్తా ఉండేది, ఇన్నేండ్లుగా!"

మండీ కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఖాళీ సంచి పట్టుకున్న మిత్రుడొక్కడే నవ్వలేదు.

మండీ వెనక్కి తీసుకెళ్ళి అడిగాను. "ఈ పొద్దు నీకేం బుద్ధి పుట్టింది?"

"ఈ పొద్దు కాదప్పా." అతడు నా వైపు చూడలేదు. "పోటీ పోటీకీ పెడతానే ఉండాను. కుందారపల్లిలో కూడా అదే. పళ్ళెంలోది తీసినాను."

"అమ్మోరి పళ్ళెంలోదా?"

"నువ్వు ఆడ చెమటలు కక్కుతా నిలబడి ఉండావు. జనం నవ్వుతా ఉండారు. చేతికి అదే దొరికినాది."

"రబ్బరు లేదని పెట్టినావా, నమ్మి పెట్టినావా? అదొక్కటి చెప్పు."

"తెలీదప్పా. పెట్టేటప్పుడు కండ్లు మూసుకొన్నాను."

భక్తుడు నన్ను ఏనాడూ మోసం చేయలేదు. తాను ఏం నమ్ముతాడో నుదుటి మీద రాసుకుని మరీ నా ఎదుటికి వస్తాడు. మోసం నా పక్కన, నా మైకు పట్టుకుని, నా మాటలకు జనాన్ని నవ్విస్తూ నిలబడింది. నా పరువు కాపాడానని అనుకున్నాడు. నాకు కావలసింది పరువా? ఆ మిక్సీ కదలకపోతే ఓడిపోయేవాణ్ణి, ఎందుకు కదల్లేదో కనుక్కుని మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఓడిపోయే హక్కును నా నుంచి ఎత్తుకుపోయి, చేతిలో అమ్మోరి ప్రసాదం పెట్టాడు.

మండీ వెనక మా మాటలు ఎవరో విన్నట్లున్నారు, వార్త నాకంటే ముందే కుందారపల్లి చేరింది. ఆ పొద్దు వాదించడానికి వచ్చినోళ్ళ మిక్సీని కూడా మా అమ్మోరే నడిపించిందని పెద్దావిడ అందరికీ చెబుతోందట. గ్రైండరుకు మళ్ళీ చీర కట్టారు. పోటీలు ఆగిపోయాయి. జూజువాడి వైపు నేను వెళ్ళడం మానేశాను.

ఆ ఆయుధపూజ సెలవు ఇంకా అయిపోక ముందే ఇంట్లో మా మిక్సీ తీసి, ఒక కాలికి రబ్బరు పీకేశాను. వట్టిగా స్విచ్ వేస్తే వణికింది, కదల్లేదు. ఆ కాలి కింద చిన్న ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, కోసి పెట్టాను. నేల మీద కాస్త నీళ్ళు చల్లాను. అది వంటింట్లోంచి నడిచి నా భార్య కాళ్ళ దగ్గర ఆగింది.

"నడిచినాది కదా, ఇంగేమి?" అంది ఆమె. "మొగం ఎందుకట్లుండాది?"

సంచి అందుకున్నాను, మిత్రుడికి చూపించాలని. గడప దాకా వచ్చాక గుర్తొచ్చి సంచి మళ్ళీ మేకుకు తగిలించాను.